తరగతి అంతా జూకి వెళ్లే నవ్వుల పుస్తకం
తెలుగు బాలల పుస్తకాల ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ



బొమ్మల పుస్తకాల వయసు దాటిన పిల్లలు పెద్ద నవల చేతికందుకునే లోపు చదవాల్సిన పుస్తకాన్ని ఇంగ్లీషు ప్రచురణరంగంలో ఎర్లీ చాప్టర్ బుక్ అంటారు. తెలుగులో దాన్ని తొలి చాప్టర్ పుస్తకం అనుకోవచ్చు. ఆరేళ్ల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలు, అంటే సుమారుగా ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు చదివేవాళ్లు, దీని పాఠకులు. పుస్తకమంతా ఒకే కథ. అది ఎనిమిది తొమ్మిది చిన్న అధ్యాయాలుగా సాగుతుంది. ఒక్కో అధ్యాయం పిల్లలు ఒక్క విడతలో చదివి ముగించగలిగినంతే ఉంటుంది. అక్షరాలు పెద్దవి, వాక్యాలు చిన్నవి. పేజీ తిప్పితే ఒక బొమ్మ కనిపిస్తుంది. బొమ్మల పుస్తకంలో సగం కథను బొమ్మే చెప్పేస్తుంది. తొలి చాప్టర్ పుస్తకంలో కథ మాటల మీద నడుస్తుంది, బొమ్మ దానికి తోడుగా ఉంటుంది.

ఈ మెట్టు అవసరం చదువు నేర్చుకునే తీరులోనే ఉంది. కొత్తగా చదవడం వచ్చిన పిల్లలు రెండు పనులు ఒకేసారి చేయాలి. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు కూడబలుక్కోవాలి, ఆ మాటల అర్థం పట్టుకోవాలి. మొదటి పనికే శక్తి అంతా ఖర్చయితే రెండోది జరగదు. ఎంత ఎక్కువ చదివితే మొదటి పని అంత తేలికవుతుంది. అయితే కష్టంగా ఉన్న పనిని పిల్లలు మళ్లీమళ్లీ చేయాలంటే అందులో వాళ్లకు ఆశ కలిగించేది ఏదో ఒకటి ఉండాలి. ఆ వయసు పిల్లలకు నవ్వును మించిన ఆశ లేదు. అధ్యాయం చివర కథ ఒక చిక్కు దగ్గర ఆగితే, ఆ చిక్కు నవ్వు పుట్టించేదైతే, పిల్లలు తమంతట తామే తర్వాతి పేజీ తిప్పుతారు. కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, 2026-27 నాటికి మూడో తరగతి ముగిసే సరికి ప్రతి పిల్లా పిల్లవాడూ అర్థం చేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. పాఠ్యపుస్తకం ఒక్కటే ఆ లక్ష్యాన్ని మోయలేదు. పాఠం అయిపోయాక పిల్లలు ఇష్టంగా తీసుకుని చదువుకునే పుస్తకం కూడా కావాలి.

ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలు ప్రచురణకర్తలు పట్టుబట్టి తయారు చేయించడం వల్లే పెరిగాయి. 1957లో రెండు పుస్తకాలు దారి వేశాయి. డాక్టర్ స్యూస్ రాసిన 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' మొత్తం 236 వేర్వేరు మాటలతోనే నడుస్తుంది. బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పిన ఎల్సె హోమలండ్ మినారిక్ రాసి, మారిస్ సెండక్ బొమ్మలు వేసిన 'లిటిల్ బేర్'తో 'ఐ కెన్ రీడ్' వరస మొదలైంది. 1970లో అదే వరసలో ఆర్నాల్డ్ లోబెల్ 'ఫ్రాగ్ అండ్ టోడ్ ఆర్ ఫ్రెండ్స్' వచ్చింది. 64 పేజీల్లో ఐదు చిన్న కథలున్న ఆ పుస్తకం, తేలిక మాటలతో ఎంత లోతైన స్నేహాన్ని చెప్పవచ్చో చూపించింది. 1986లో జొయానా కోల్ రచన, బ్రూస్ డీగన్ బొమ్మలతో 'మ్యాజిక్ స్కూల్ బస్' మొదలైంది. తరగతి అంతా టీచరుతో కలిసి ఎక్కడికో బయల్దేరడం ఆ వరసలో ప్రతి పుస్తకానికీ కథ. పేజీ అంచుల్లో పిల్లలు రాసిన చిన్న నివేదికలు ఉంటాయి, బొమ్మల్లో వాళ్ల హాస్యాలు ఉంటాయి. విజ్ఞానం, నవ్వు ఒకే పేజీలో ఇమడగలవని ఆ పుస్తకాలు తేల్చాయి. 1992లో బార్బరా పార్క్ 'జూనీ బి. జోన్స్' వరస వచ్చింది. బడిలో జరిగే మామూలు సంగతులే ఒక చిన్నపిల్ల నోట వింటే ఎంత నవ్వు తెప్పిస్తాయో దాని ద్వారా తెలిసింది. మన దేశంలో ఇంగ్లీషు పాఠకుల కోసం డక్‌బిల్ సంస్థ 'హోల్ బుక్స్' పేరుతో ఇలాంటి వరసే తెచ్చింది.

తెలుగు బాలసాహిత్యానికి గొప్ప చరిత్రే ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక ప్రారంభించారు. 1947లో 'చందమామ' వచ్చి కొన్ని తరాల పిల్లలకు చదివే అలవాటు నేర్పింది. 1950ల్లో ముళ్లపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలు వేసిన 'బుడుగు', తెలుగులో చిన్నపిల్లాడి గొంతుతో హాస్యం ఎంత సహజంగా పలుకుతుందో నిరూపించింది. నేషనల్ బుక్ ట్రస్ట్ అనువాదాలు, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ ప్రచురణలు, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి ఉంచిన కథలు ఇవాళ పిల్లలకు అందుతున్నాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది. అయినా పుస్తకాల అరను వయసు వారీగా సర్దితే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఒకవైపు పదహారు, ఇరవై నాలుగు పేజీల బొమ్మల కథలు ఉన్నాయి. మరోవైపు పదేళ్లు దాటినవాళ్లు చదవగలిగే కథా సంపుటాలు, నవలికలు, పెద్దవాళ్లు తమ బాల్యాన్ని తలచుకుంటూ రాసిన కథలు ఉన్నాయి. 'బుడుగు' కూడా ఏడేళ్ల పిల్లలు తమంతట తాము చదువుకోవడానికి కట్టిన పుస్తకం కాదు. అందులోని చాలా చమత్కారాలు అందాలంటే పెద్దల లోకం తెలిసి ఉండాలి. ఏడెనిమిదేళ్ల పిల్లల చేతిలో పెట్టి, ఇది నీ పుస్తకం, నువ్వే చదువుకో అని చెప్పదగిన నవ్వుల పుస్తకాలు, అవీ వరసగా వచ్చేవి, తెలుగులో బాగా తక్కువ.

ఆ వరసను మొదలుపెట్టడానికి తరగతి అంతా కలిసి జూకి వెళ్లే కథ అన్ని విధాలా తగినది. దాదాపు ప్రతి బడి పిల్లలూ ఎప్పుడో ఒకప్పుడు జూకి వెళ్లారు, లేదా వెళ్లాలని ఎదురుచూస్తున్నారు. ప్రయాణానికి సహజంగానే ఒక మొదలు, ఒక నడక, ఒక ముగింపు ఉంటాయి. కథనం కొత్తగా నేర్చుకుంటున్న పాఠకులకు ఆ వరస తేలిగ్గా గుర్తుంటుంది. ఒక్కో జంతువు దగ్గర ఆగినప్పుడల్లా ఒక్కో అధ్యాయం తనంతట తానే ఏర్పడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఒక్కరోజు పెద్దల ప్రణాళిక ఒకటి, పిల్లల ఆసక్తి ఇంకొకటి. హాస్యం పుట్టే చోటు అదే.

అలాంటి పుస్తకం ఎలా నడవవచ్చో చూపడానికి ఒక నమూనా సరిపోతుంది. మొదటి అధ్యాయంలో బడి నుంచి అనుమతి చీటీ ఇంటికి వస్తుంది. తల్లిదండ్రుల సంతకం కావాలి. చీటీలో ఉన్న నియమాలను ఒక్కో పిల్ల ఒక్కో రకంగా ఇంట్లో చెబుతుంది. రెండో అధ్యాయం బస్సు. కిటికీ పక్క సీటు కోసం పోటీ, ముందువరసలో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్న పిల్లవాడు, తలలు లెక్కపెడుతున్న టీచరు. ముప్పై ఆరు మంది ఉండాలి, ముప్పై ఏడు తేలతారు. మూడో అధ్యాయం జూ గేటు. అక్కడ అదే రంగు యూనిఫాం వేసుకున్న ఇంకో బడి పిల్లలు వరసలో నిలబడి ఉంటారు. లెక్క మళ్లీ తప్పుతుంది. నాలుగో అధ్యాయంలో నీటి ఏనుగు నోరు తెరుస్తుంది. నిద్ర వస్తోందని జాలిపడి పిల్లలు జోల పాడతారు. అది నిద్ర కాదని, దగ్గరికి రావద్దన్న హెచ్చరిక అని సంరక్షకుడు చెప్పగానే పాట ఆగిపోతుంది.

ఐదో అధ్యాయంలో సింహం. ఎంతసేపు చూసినా అది లేవదు. ఎందుకు లేవదో పిల్లలు తలా ఒక కారణం చెబుతారు. చాలా జూలలో మాంసాహార జంతువులకు వారానికి ఒకరోజు ఆహారం పెట్టరని తెలిశాక, తన నాయనమ్మ శనివారం ఉపవాసం ఉంటుందని, సాయంత్రం ఫలహారం తినగానే లేచి తిరుగుతుందని ఒక పిల్ల సింహానికి ధైర్యం చెబుతుంది. ఆరో అధ్యాయంలో మధ్యాహ్న భోజనం. చెట్ల మీది నుంచి వచ్చిన కోతులు పులిహోర డబ్బా ఎత్తుకుపోతాయి. జంతువులకు ఆహారం పెట్టకూడదని పొద్దున్నుంచి విన్న పిల్లలు, తాము పెట్టలేదని, అవే తీసుకున్నాయని రుజువు చేయడానికి సాక్షుల్ని పోగుచేస్తారు. ఏడో అధ్యాయంలో ఎవరో తప్పిపోతారు. తప్పిపోతే ఉన్నచోటే కదలకుండా నిలబడాలన్నది టీచరు నేర్పిన నియమం. పిల్లలందరూ జిరాఫీ బోర్డు కింద బుద్ధిగా నిలబడి ఉంటారు. టీచరుకు తోడుగా వచ్చి, వాళ్లను వెతుకుతూ తిరుగుతున్న సారే తప్పిపోయినట్టు తేలుతుంది. ఎనిమిదో అధ్యాయం రాత్రించర జంతువుల గది. చీకట్లో దేవాంగ పిల్లి కళ్లు మెరుస్తాయి. పొద్దున్నుంచి దేనికీ భయపడనని చెప్పుకున్నవాడు పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. ఆ సంగతి పక్కవాడు ఎవరికీ చెప్పడు. చివరి అధ్యాయంలో మర్నాడు టీచరు జూ గురించి పది వాక్యాలు రాయమంటుంది. సింహం గురించి ఎవరూ రాయరు. అందరూ సారు తప్పిపోవడం గురించే రాస్తారు.

ఈ నమూనాలో నవ్వు ఎక్కడి నుంచి వస్తోందో గమనించాలి. పిల్లలు పెద్దల మాటను అక్షరాలా పాటించడం వల్ల కొంత వస్తుంది. తమకు తెలిసిన ఇంటి సంగతులతో కొత్త విషయాన్ని అర్థం చేసుకోవడం వల్ల కొంత వస్తుంది. తలల లెక్క మళ్లీమళ్లీ తప్పడం లాంటి పునరుక్తి వల్ల ఇంకొంత. ఒకే హాస్యం ప్రతిసారీ కాస్త మారి తిరిగివస్తే, చదువరి దాన్ని ముందే ఊహించి సంతోషిస్తాడు. ఆ ఊహే చదవడంలో పట్టు సాధిస్తున్నాడనడానికి గుర్తు. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకొకటి చూపడం మరో మార్గం. అంతా సవ్యంగా జరుగుతోందని వాక్యం చెబుతున్నప్పుడు, వెనక కోతి టీచరు సంచి తెరుస్తున్నట్టు బొమ్మలో కనిపిస్తే, ఆ రహస్యం కనిపెట్టిన గర్వం పిల్లలదే.

వాడకూడని హాస్యాన్ని కూడా అంతే స్పష్టంగా చెప్పుకోవాలి. తెలుగు సినిమాల్లోనూ టీవీ కార్యక్రమాల్లోనూ లావుగా ఉన్నవాళ్లు, నత్తిగా మాట్లాడేవాళ్లు, నల్లగా ఉన్నవాళ్లు, పల్లెటూరి యాసలో మాట్లాడేవాళ్లు నవ్వుల సరుకు అవుతూ వచ్చారు. ఏడేళ్ల పిల్లల పుస్తకంలో దానికి చోటు ఉండకూడదు. ఆ తరగతిలో లావుగా ఉన్న పిల్లవాడు కూడా ఆ పుస్తకం చదువుతాడు. అటువంటి హాస్యం ఎప్పటికైనా ఆ పుస్తకానికే కీడు. డాక్టర్ స్యూస్ 1950లో రాసిన 'ఇఫ్ ఐ రాన్ ది జూ'లో కొన్ని దేశాల ప్రజలను కించపరిచే బొమ్మలు ఉన్నందువల్ల, దాన్ని ఇకపై ముద్రించబోమని ఆయన పుస్తకాల హక్కులున్న సంస్థే 2021లో ప్రకటించింది. జంతువులను ఆటపట్టించి నవ్వించడం కూడా తప్పే. జంతువును కర్రతో పొడవడం, రాయి విసరడం, అరిచి బెదరగొట్టడం కథలో సరదా పనులుగా కనిపిస్తే చదివిన పిల్లలు జూలో అదే చేస్తారు. ఆహారం లేని పేద పిల్లవాడి డబ్బా, చిరిగిన సంచి కూడా నవ్వుకు వస్తువులు కావు. పులిహోర పోయినప్పుడు అందరూ తమ డబ్బాల్లోంచి తలా ఒక ముద్ద పెట్టడం కథకు ఎక్కువ బలం ఇస్తుంది.

నవ్వుల పుస్తకమైనా అందులో చెప్పిన విషయం నిజం కావాలి. ఈ వయసులో చదివింది పిల్లలకు జీవితాంతం గుర్తుంటుంది. నిప్పుకోడి భయపడితే ఇసుకలో తల దాచుకుంటుందన్నది అపోహ. ఆ అపోహను కథలో నిజంగా చూపకూడదు. జిరాఫీ మెడలో ఎముకలు ఏడే, మనిషి మెడలోనూ ఏడే. మొసలి ఒడ్డున నోరు తెరుచుకుని పడుకోవడం ఒంటి వేడి తగ్గించుకోవడానికి. గుడ్లగూబ తలను 270 డిగ్రీల దాకా తిప్పగలదు. సింహం రోజులో 16 నుంచి 20 గంటలు విశ్రాంతిలోనే గడుపుతుంది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవు. ఇలాంటి నిజాలు వాటంతట అవే పిల్లలకు ఆశ్చర్యం కలిగిస్తాయి. కథలో వాటిని పాఠంలా కాకుండా పిల్లల వాదనలోనో, సంరక్షకుడి జవాబులోనో వచ్చేలా చూడాలి.

జూ కూడా నిజమైన జూ అయితే పుస్తకానికి విలువ పెరుగుతుంది. తెలుగు నేల మీద అందుకు తగిన చోట్లు ఉన్నాయి. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఉన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో సందర్శకులకు తలుపులు తెరిచింది. విశాఖపట్నంలో కంబాలకొండ అడవిని ఆనుకుని 625 ఎకరాల్లో ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల 1977 నుంచి ఉంది. తిరుపతిలో శేషాచలం కొండల పాదాల దగ్గర శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో ఏర్పడింది. హనుమకొండలో కాకతీయ జంతు ప్రదర్శనశాల ఉంది. ఒక్కో జూకి ఒక్కో పుస్తకం చొప్పున వరస కట్టవచ్చు. పాలమూరు పిల్లలు హైదరాబాదుకు, అరకు పిల్లలు విశాఖకు, మదనపల్లె పిల్లలు తిరుపతికి బయల్దేరితే ప్రతి పుస్తకంలోనూ దారి, భాష, తిండి, ఎండ మారిపోతాయి. హైదరాబాదు, విశాఖ జూలకు సోమవారం సెలవు. తిరుపతి జూకి మంగళవారం సెలవు. సెలవు రోజు చూసుకోకుండా బయల్దేరిన తరగతి కథే ఒక అధ్యాయం కావచ్చు.

జంతువులను బోనులో ఎందుకు పెట్టారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నను పుస్తకం తప్పించుకోకూడదు. జూలను నియంత్రించడానికి 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 38-జె సెక్షన్ ప్రకారం జూలో జంతువులను ఆటపట్టించడం, గాయపరచడం, వాటికి ఆహారం పెట్టడం, శబ్దాలతో బెదరగొట్టడం, చెత్త పడేయడం నిషేధం. అడవిలో తగ్గిపోతున్న జాతులను పెంచి తిరిగి అడవికి పంపడం కూడా మంచి జూలు చేసే పనే. కుందేలంత ఉండే మూషిక జింకలను హైదరాబాదు జూలో, అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తల సాయంతో 2010 నుంచి పెంచి, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. బోనులో పుట్టిన చిన్న జంతువు అడవికి వెళ్లిన కథ పిల్లలకు జవాబు అవుతుంది. అన్ని జంతువులకూ అది సాధ్యం కాదన్నది కూడా నిజమే. రెండింటినీ సూటిగా చెప్పవచ్చు. జంతువుల పోషణకు డబ్బు కట్టే దత్తత పథకం హైదరాబాదు జూలో ఉంది. తరగతి పిల్లలు తలా కొంత పోగుచేసి ఒక జంతువుకు కొన్నాళ్లు తిండి పెట్టడంతో కథ ముగిస్తే, నవ్వు చివర ఒక పని మిగులుతుంది.

భాష విషయంలో ఇంగ్లీషు కొలతలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే కుదరదు. ఇంగ్లీషు తొలి చాప్టర్ పుస్తకాల్లో సాధారణంగా ఐదు నుంచి పదివేల మాటలు ఉంటాయి. తెలుగులో విభక్తులు, క్రియారూపాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఒక్కో మాట పొడవు, బరువు ఎక్కువ. మూడు నుంచి ఐదువేల మాటలు చాలు. ఎన్ని మాటలున్నాయన్నదాని కంటే ఒక్కో మాటలో ఎన్ని అక్షరాలున్నాయి, ఎన్ని ఒత్తులున్నాయి, ఎక్కడ సంధి జరిగింది అన్నవే పిల్లలకు అడ్డు. మొదటి రెండు అధ్యాయాల్లో ద్విత్వాలు, తెలిసిన ఒత్తులు ఉన్న మాటలు, తర్వాత సంయుక్తాక్షరాలు క్రమంగా పెంచడం మంచిది. ఖడ్గమృగం లాంటి కష్టమైన పేరు రాక తప్పదు. అలాంటి మాటను బొమ్మతో పరిచయం చేసి, అదే అధ్యాయంలో నాలుగైదుసార్లు వాడితే చివరికి పిల్లలకు అది సొంతమవుతుంది.

కథనం వాడుక భాషలో, సంభాషణ ఆ పిల్లల సొంత ప్రాంతపు మాటలో ఉండాలి. పాలమూరు పిల్ల 'ఏం జేస్తున్నవ్' అనాలి, విశాఖ పిల్ల తన తీరులో మాట్లాడాలి. ఏ యాసనూ నవ్వు కోసం పెట్టకూడదు, తప్పుగా చూపకూడదు. బస్సు, టికెట్, వాటర్ బాటిల్ లాంటి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఉంచితేనే కథ పిల్లలది అవుతుంది. సంభాషణలు పొట్టిగా, ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా ఉండాలి. నీతి చెప్పే చివరి పేరా అక్కర్లేదు. పిల్లలు చేసిన పనిలోనే నీతి ఉంటుంది.

అచ్చు విషయంలోనూ కొన్ని నిర్ణయాలు ముందే తీసుకోవాలి. పేజీలు 48 లేదా 64 ఉంటే పదహారు పేజీల ఫారాలకు సరిగ్గా సరిపోతాయి. తెలుగు ఒత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషు పుస్తకం కంటే ఎక్కువ వదలాలి. పేజీకి పది పన్నెండు వరసలు దాటకూడదు. వరస చివర మాటను విరగ్గొట్టకూడదు. లోపలి బొమ్మలు నలుపు తెలుపుల్లో ఉన్నా ఫర్వాలేదు, అట్ట మాత్రం రంగుల్లో ఉండాలి. అలా చేస్తే ధర అందుబాటులో ఉంటుంది. బొమ్మలు వేసేవారికి రచయితతో సమానంగా అట్ట మీద పేరు ఉండాలి, తగిన పారితోషికం ఉండాలి. ఈ రకం పుస్తకంలో సగం హాస్యం వారి చేతుల్లోనే ఉంటుంది.

అచ్చుకు వెళ్లే ముందు రాతప్రతిని బడుల్లో చదివించి చూడడం తప్పనిసరి. రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ పుస్తకం పక్కన పెట్టారు అన్నది చూస్తే సంపాదకులకు కావాల్సిన జవాబులన్నీ దొరుకుతాయి. పెద్దలకు నవ్వొచ్చిన చోట పిల్లలు నవ్వకపోతే ఆ వాక్యం మార్చాలి. జంతువుల సంగతులను జూలో పనిచేసే జీవశాస్త్రజ్ఞులతో, సంరక్షకులతో సరిచూపించుకోవాలి.

పుస్తకం తయారయ్యాక దాన్ని చదివించే చోట్లు చాలానే ఉన్నాయి. బడిలో లైబ్రరీ పీరియడు ఉంది. టీచరు రోజుకో అధ్యాయం బయటికి చదివితే పది రోజుల లోపే పుస్తకం పూర్తవుతుంది. ఆ తర్వాత పిల్లలు తమంతట తాము రెండోసారి చదువుతారు. కథ తెలిసి ఉంటుంది కాబట్టి అక్షరాలు అడ్డురావు. జూకి వెళ్లే ముందు వారం ఈ పుస్తకం చదివిన తరగతి, అక్కడ చూడాల్సింది ఏమిటో, చేయకూడనిది ఏమిటో తెలుసుకుని వెళుతుంది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు దీని అవసరం ఇంకా ఎక్కువ. సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన మనబడి లాంటి తరగతుల్లో తొమ్మిది, పదేళ్ల పిల్లలు తొలి మెట్టు తెలుగు చదువుతున్నారు. వాళ్ల వయసుకు చిన్నపిల్లల బొమ్మల పుస్తకం విసుగు పుట్టిస్తుంది, పెద్ద కథ అందదు. తేలిక మాటల్లో, తమ వయసుకు తగిన హాస్యంతో నడిచే జూ కథ వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. జూకి తరగతితో వెళ్లడం వాళ్లకూ తెలిసిన అనుభవమే.

ఈ పనిలో ఎవరి వంతు వారికి ఉంది. ప్రచురణకర్తలు ఒక్క పుస్తకంతో ఆగకుండా నాలుగైదు పుస్తకాల వరసను మొదటి నుంచే తలపెట్టాలి. ఒక పుస్తకం నచ్చిన పిల్లలు రెండోది అడుగుతారు, అడిగినప్పుడు అది అరలో ఉండాలి. సంపాదకులు ఏడేళ్ల పిల్లలతో రోజూ గడిపే ప్రాథమిక పాఠశాల టీచర్లను రాయమని అడగాలి. 'లిటిల్ బేర్' రాసింది ఒక టీచరే. బాలసాహిత్య పోటీలు నిర్వహించే సంస్థలు బొమ్మల కథకు, నవలకు మధ్య ఈ రకానికి విడిగా ఒక విభాగం పెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు, గ్రంథాలయ సంస్థలు బడులకు పుస్తకాలు కొనేటప్పుడు ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు తాముగా చదివే పుస్తకాలకు కచ్చితమైన వాటా కేటాయించాలి. జూల నిర్వాహకులు తమ గేటు దగ్గర అమ్మే చోట ఈ పుస్తకాన్ని ఉంచాలి.

తెలుగు చదవడం అప్పుడే వచ్చిన పిల్లలు ఇవాళ ప్రతి బడిలోనూ ఉన్నారు. వాళ్లు రెండేళ్లలో ఆ వయసు దాటిపోతారు, ఎదురుచూస్తూ అక్కడే ఉండరు. అందువల్ల వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యే లోపు తెలుగులో పిల్లలు చదివి నవ్వి, వాళ్ల స్నేహితుల చేతిలో పెట్టగలిగే ఒక్క జూ యాత్ర పుస్తకమైనా ప్రచురించే బాధ్యత తీసుకోవలసిందిగా ప్రచురణకర్తలందరికీ విజ్ఞప్తి.

ఇట్లు,
తెలుగు పిల్లల చదువు మేలు కోరే ఒక పాఠకురాలు